తొమ్మిది లక్షల పాటగాడికి ఇంట్లో మిగిలింది లక్షా పదిహేను వేలు: ఒక కేస్ స్టడీ

ప్రొద్దుటూరులో ట్యాక్స్ ప్రాక్టీసు చేసే మాలాంటివాళ్ల దగ్గరికి వచ్చేది ఎక్కువగా బంగారు అంగళ్లవాళ్లు, బట్టల అంగళ్లవాళ్లు, కాంట్రాక్టర్లు. పాటగాళ్లు రావడం తక్కువ. వచ్చినా లోను కోసం ఒక రిటర్న్ వేయించుకుని పోతారు, మళ్లీ కనిపించరు. ఈ కేసులో మనిషి కూడా లోను కోసమే వచ్చాడు. జమ్మలమడుగు వైపు పల్లె, వయసు ముప్పై ఆరు. జానపదాలు రాస్తాడు, వరస కడతాడు, పాడతాడు. పదేళ్లుగా సొంతంగా పాట కచేరి పార్టీ నడుపుతున్నాడు. ఆదాయం ఎంతని అడిగితే "సుమారు తొమ్మిది లక్షలు సార్" అన్నాడు. అబద్ధమేమీ కాదు. ఏడాదిలో 26 కచేరీలు, ఒక్కోటి 35,000. కాకపోతే అది అతని చేతిమీదుగా పోయిన డబ్బు. ఇంటికి చేరింది ఎంతో అతనికి తెలియదు. ఇంట్లోవాళ్లకు మాత్రం బాగా తెలుసు.

అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను. అంకెలు లెక్కకు వీలుగా రౌండ్ చేశాను. చిన్న ఊళ్లలో సొంతంగా పాటలు చేసుకునేవాళ్లకూ, వాళ్ల లెక్కలు చూసేవాళ్లకూ పనికొస్తుందని కొన్ని చోట్ల వివరంగా వెళ్తాను.

ఒక కచేరిని విప్పి చూస్తే

ముందు ఒకే ఒక్క కచేరి తీసుకున్నాం. ఎర్రగుంట్ల దగ్గర పెళ్లి, ఏజెంటు ద్వారా వచ్చిన బేరం, 35,000. సౌండ్ సెట్టు బాడుగ 9,000. మనుషులకూ సామానుకూ బండి 3,500. కీబోర్డు 4,000, ప్యాడ్స్ 3,500, ఢోలక్ 2,500, లేడీ సింగర్ 4,000, రెండో మగ గొంతు 3,000, వైర్లు లాగి సామాను సర్దే కుర్రాడికి 1,000. అన్నీ కలిపి 30,500. ఏజెంటు కమీషన్ నూటికి పది, అంటే 3,500. పార్టీ ఓనరు, రచయిత, మెయిన్ సింగర్, మేనేజరు అన్నీ తానే అయినవాడికి మిగిలింది 1,000. సామాను సర్దే కుర్రాడికి వచ్చినంతే. ఆ కుర్రాడికి కనీసం టెన్షన్ లేదు.

ఏజెంటు లేకుండా నేరుగా వచ్చిన బేరమైతే 4,500 మిగిలేది. ఏడాదిలో రెండు రకాలూ సగం సగం. కచేరీల మీద మిగులు 71,500. యూట్యూబ్ ఛానెళ్లకు అమ్మిన పాటల మీద, స్టూడియో ఖర్చు పోను, 24,000. అంగళ్లకు కట్టిచ్చిన ప్రచారం పాటల మీద 20,000. మొత్తం 1,15,500. ఇందులోంచి మిక్సరు, పాత కీబోర్డు కోసం తెచ్చిన లక్షన్నర అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు 3,000. ఏడాదికి 36,000 వడ్డీకే పోతోంది, అసలు అలాగే ఉంది.

ఆ కాగితం చూసి అతను మొదట నా కూడికలే తప్పన్నాడు. ఫోన్ తీసి తనే ఒకసారి కూడుకున్నాడు.

ఇలాంటి వాళ్లకు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహా ఒకటే: రీల్స్ పెట్టు, వ్యూస్ పెంచు. ఇతని పాటలకు వ్యూస్ లక్షల్లోనే ఉన్నాయి, అయితే వేరేవాళ్ల ఛానెళ్లలో. కచేరీలకూ కొదవ లేదు. నాకు కనిపించిన చిక్కు వేరే. తనకు వచ్చే ప్రతి రూపాయిలోనూ తనది ఎంత, తన చేతిలోంచి పక్కవాడికి పోయేది ఎంత అన్నది అతను ఎప్పుడూ విడదీయలేదు. పాటల విషయంలో ఇంకా అన్యాయం, తనదైన దాన్ని కూడా పరాయిది అనుకుంటున్నాడు.

కొటేషన్ మార్చాం

సౌండ్, బండి రెండింటినీ పాట రేటులోంచి తీసేశాం. కొత్త కొటేషన్‌లో పాటకు 26,000. సౌండ్ సెట్టు పెళ్లివారే షామియానా సప్లయర్‌తో మాట్లాడుకోవాలి, ఎన్ని బాక్సులు, ఎన్ని మైకులు కావాలో లిస్టు ఇతను ఇస్తాడు. బండి బాడుగ నేరుగా డ్రైవరుకే. మొత్తం మీద పెళ్లివారికి పడేది 38,500. పాతదానికన్నా 3,500 ఎక్కువ. ఇతని వైపు చూస్తే మనుషులకు 18,000 పోతుంది, ఏజెంటుకు 2,600. మిగులు 5,400. నేరుగా వచ్చిన బేరమైతే 8,000.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పాత పద్ధతిలో ఏజెంటు సౌండ్ బాడుగ మీద, బండి బాడుగ మీద కూడా పది శాతం తినేవాడు. ఆ 12,500 అసలు ఇతని ఆదాయమే కాదు, అయినా దాని మీద కమీషన్ ఇతని జేబులోంచి పోయేది. రేటు పెంచడానికి భయపడేవాళ్లు ముందు ఇలాంటి చిల్లులు వెతుక్కోవాలి. ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. జనరేటరు ఆగినా, మైకు కీచుమన్నా ఆ మాటలు ఇప్పుడు ఇతనికి పడటం లేదు.

అడ్వాన్స్ సగం, మిగతా సగం స్టేజి ఎక్కే ముందు అని రాశాం. ఈ రెండో షరతు మా వైపు నడవదని మొదట్లోనే చెప్పాను, నడవలేదు. పెళ్లి కొడుకు మేనమామ "పొద్దున్నే ఇస్తాంలేప్పా, యాడికి పోతాం" అంటే మైకు పక్కన పెట్టి నిలబడే పాటగాడు ఈ జిల్లాలో లేడు. సగం అడ్వాన్స్ మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

టైము గురించి కూడా రాయించాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పండగలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. జాతర కమిటీలు తెల్లవార్లూ పాడమంటాయి, పోలీసులు వస్తే మైకు పట్టుకున్నవాడే ముందు కనపడతాడు. కాబట్టి పర్మిషన్ బాధ్యత కమిటీదే, పది దాటితే పర్మిషన్ కాగితం చూపించాలి, గంటకు ఇంత అదనం అని రాశాం. అదనపు గంటల డబ్బు పెద్దగా రాలేదు. కచేరీలు మాత్రం ఏడు గంటలకే మొదలవుతున్నాయి. మనుషులు రెండింటికి ఇల్లు చేరేవాళ్లు పన్నెండుకే చేరుతున్నారు.

స్టేజి మీద చదివింపుల సంగతి అందరికీ తెలిసిందే. నచ్చిన పాటకు వంద, ఐదొందలు ఇచ్చి పేరు చదివిస్తారు. ఇప్పుడు ఎవరి జేబులోనూ నోట్లు ఉండటం లేదు, ఆ డబ్బు రెండు మూడేళ్లుగా పడిపోయింది. స్టేజి ముందు ఫోన్‌పే క్యూఆర్ బోర్డు పెట్టించాం, డబ్బు పడిన మోత మైకులో వినిపించేలా స్పీకర్ బాక్సు కూడా. ఆ మోతకు పక్కవాడు కూడా ఫోన్ తీస్తాడు. ఇందులో సగం మనుషులందరికీ సమంగా, సగం సామాను రిపేర్లకు అని ముందే అనుకున్నారు. ఇది కింది లెక్కల్లో కలపలేదు.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరికిన పాటలు

ఈ కేసులో ఎక్కువ కష్టం, ఎక్కువ ఫలితం ఇక్కడే.

అప్పటికి అతను రాసి పాడిన 14 పాటలు రెండు యూట్యూబ్ ఛానెళ్లలో ఉన్నాయి. ఒక్కోదానికి 5,000 నుంచి 8,000 దాకా తీసుకున్నాడు. అగ్రిమెంటు ఏదీ లేదు. వాట్సాప్‌లో "పాట పంపు అన్నా", "డబ్బులేశా చూడు" అన్న మాటలు తప్ప. "అమ్మేసినా కదా సార్, ఇంకేముంది నాది?" అన్నాడు. సొంతంగా పాటలు చేసేవాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటారు.

పాట అంటే చట్టం దృష్టిలో ఒక వస్తువు కాదు, మూడు. సాహిత్యం ఒకటి, వరస ఒకటి, రికార్డింగ్ ఒకటి. మూడింటికీ ముగ్గురు వేర్వేరు హక్కుదారులు ఉండొచ్చు. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇక 2012లో వచ్చిన సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వదులుకుంటున్నామని సంతకం పెట్టినా ఆ షరతు చెల్లదు. ఆ వాటా వారసులకో, కాపీరైట్ సొసైటీకో (హక్కుదారుల తరఫున డబ్బు వసూలు చేసే సంఘం) తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి లేదు. ఈ లెక్కన 14 పాటల్లో అతను సొంతంగా రాసిన సాహిత్యం, కట్టిన వరస ఎక్కడికీ పోలేదు, అతని దగ్గరే ఉన్నాయి.

రికార్డింగ్ సంగతి వేరు. డబ్బు పెట్టి, బాధ్యత తీసుకుని రికార్డు చేయించినవాడు దానికి హక్కుదారు. ఛానెల్‌వాళ్లు స్టూడియో ఖర్చు పెట్టుకుంటే రికార్డింగ్ వాళ్లది. మరి ఏ పాటకు ఎవరు పెట్టారు? అతనికి సరిగా గుర్తు లేదు. అప్పుడు మా వృత్తికి అలవాటైన పనే చేశాం. మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, పసుపు రంగు పెన్నుతో స్టూడియోకు పోయిన ప్రతి పేమెంటు గీశాం. ట్రాక్‌కు 4,000, వాయిస్ డబ్బింగ్‌కు 1,500, మిక్సింగ్‌కు 2,000, ఇలా. ఆ తేదీల పక్కన ఛానెల్ నుంచి డబ్బు పడిన తేదీలు, యూట్యూబ్‌లో పాట వచ్చిన తేదీలు రాసుకున్నాం. ఐదు పాటలకు ట్రాక్ నుంచి మిక్సింగ్ దాకా ప్రతి రూపాయి ఇతని ఖాతాలోంచే పోయింది, ఛానెల్ డబ్బు ఆ తర్వాత వారానికో పది రోజులకో పడింది. అంటే పాట తయారయ్యాక ఫైలు పంపాడు, రికార్డింగ్ హక్కు ఇవ్వలేదు. ఫోన్‌పే వచ్చాక మనుషులు చిన్న చిన్న డబ్బులు కూడా ఖాతాలోంచే పంపడం మొదలుపెట్టారు. నగదు ఇచ్చి ఉంటే ఈ ఐదు పాటలు మేం ఎప్పటికీ నిరూపించలేం.

లాయరు నోటీసు ఇప్పిద్దామని అతని బావమరిది పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. నోటీసు అందుకున్నవాడు ముందు పాట తీసేస్తాడు, తర్వాత మాట్లాడతాడు. లక్షల వ్యూస్ ఉన్న వీడియో పోతే నష్టం ఇద్దరికీ. మామూలు ఉత్తరమే రాశాం, స్టేట్‌మెంట్ కాపీలు జతచేశాం. ఒక ఛానెల్‌వాళ్లు మాటలకు వచ్చారు. పాటలు వాళ్ల దగ్గరే ఉంటాయి, మూడేళ్ల లైసెన్సు, ఆ ఐదు పాటల మీద వచ్చే యాడ్ డబ్బులో 40 శాతం ఇతనికి మూడు నెలలకోసారి, డ్యాష్‌బోర్డు స్క్రీన్‌షాట్‌తో సహా. ఐదు పాటలూ ఆ ఛానెల్‌లోనే ఉండటం మా అదృష్టం. రెండో ఛానెల్ అసలు జవాబే ఇవ్వలేదు. అక్కడ రికార్డింగ్ ఎలాగూ వాళ్లదే, సాహిత్యం కోసం కోర్టుకెక్కితే వచ్చేదానికన్నా పోయేది ఎక్కువ. దాన్ని అంతటితో వదిలేశాం.

సాహిత్యం, వరసల కోసం ఐపీఆర్ఎస్‌లో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వానికి పెట్టాం. 1969 నుంచి ఉన్న ఈ సొసైటీ రేడియో, టీవీ, హోటళ్లు, ఈవెంట్లు, స్ట్రీమింగ్ యాప్‌ల నుంచి లైసెన్సు డబ్బు వసూలు చేసి సభ్యులకు పంచుతుంది. సినిమావాళ్ల వ్యవహారం అనుకుని మన జానపదం వాళ్లు అటువైపు చూడరు. పాటల లిస్టు నింపేటప్పుడు ఒక తకరారు వచ్చింది. నాలుగు పాటల పల్లవులు అతనివి కావు, వాళ్ల అవ్వ కలుపు తీసేటప్పుడు పాడినవి. చరణాలు మాత్రం ఇతనివి. వాటిని పూర్తిగా సొంతమని రాయనివ్వలేదు. తరతరాలుగా ఉన్న పల్లవి ఎవరి సొత్తూ కాదు, రేపు కర్నూలులోనో అనంతపురంలోనో ఇంకెవరైనా అదే పల్లవితో పాట చేస్తే ఇతను అడ్డుపడకూడదు, ఇతనికి ఎవరూ అడ్డుపడకూడదు. సంప్రదాయ పల్లవి, సొంత చరణాలు అని విడిగా చూపించాం.

భక్తి పాటలు పాడేవాళ్లకు దీనికి తిరగేసిన చిక్కు ఉంటుంది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య పదాలు 500 ఏళ్లు దాటినవి, ఎవరైనా పాడుకోవచ్చు. మనం పాడే వరసలు మాత్రం చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు చాలా పదాలకు వరసలు కట్టారు, 1979లో పోయారు. కర్త పోయాక 60 ఏళ్లు అన్న చట్టం లెక్కన ఆ వరసల కాపీరైటు 2039 చివరిదాకా ఉంటుంది. మా క్లయింటు ఒక అన్నమయ్య పదం ఆల్బం చేద్దామనుకున్నప్పుడు, పాత వరస వద్దు, సొంత వరస కట్టుకో అన్నాను. కట్టుకున్నాడు. బాగుంది కూడా.

సొంత ఛానెల్, స్ట్రీమింగ్

అతని సొంత ఛానెల్‌కు అప్పటికే వెయ్యి సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ దాటి మానిటైజేషన్, అంటే యాడ్ డబ్బులో వాటా వచ్చే అర్హత, వచ్చింది. డబ్బు మాత్రం ఏడాదిగా అక్కడే ఆగిపోయి ఉంది. యూట్యూబ్ యాడ్ డబ్బు చేరే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతాలో పది డాలర్లు దాటగానే ఇంటికి పోస్టులో ఒక పిన్ నంబరు వస్తుంది, అది ఎక్కిస్తేనే వంద డాలర్లు దాటాక డబ్బు బ్యాంకుకు వస్తుంది. ఇతను ఖాతాదారు పేరు దగ్గర తన పేరు బదులు పార్టీ పేరు పెట్టాడు. ఆ పేరుతో ఊళ్లో మనిషి లేడని పోస్ట్‌మ్యాన్ కవరు వెనక్కి పంపేశాడు. పేరు, చిరునామా ఆధార్‌లో ఉన్నట్టు మార్చి, మళ్లీ పిన్ అడిగి, పోస్టాఫీసులో ఒక మాట చెప్పి పెట్టుకున్నాం.

రెండోది అమెరికా పన్ను ఫారం. అది నింపకపోతే మొత్తం సంపాదన మీద 24 శాతం దాకా పట్టుకుంటారు. పాన్ నంబరుతో నింపి భారత్, అమెరికా పన్ను ఒప్పందం వాడుకుంటే అమెరికాలో చూసినవాళ్ల మీద వచ్చిన డబ్బుకు మాత్రమే 15 శాతం. మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, అక్కడి యాడ్లకు రేటూ ఎక్కువ, కాబట్టి చిన్న విషయమేమీ కాదు.

ఛానెల్‌లో ఎక్కువమంది చూసినవి సినిమా పాటల కవర్లు. కరోకే ట్రాక్ మీద పాడినవి. వాటి మీద కంటెంట్ ఐడీ (వేరేవాళ్ల పాటను యూట్యూబ్ తనంతట తానే గుర్తుపట్టే పద్ధతి) క్లెయిము పడుతుంది, యాడ్ డబ్బు మ్యూజిక్ కంపెనీకే పోతుంది. అతని కష్టం, వాళ్ల ఆదాయం. కానీ వాటిని తీసేయమనలేదు. పెళ్లి బేరాలు తెచ్చేవి అవే. పెళ్లివారు జానపదాలు విని బుక్ చేయరు, ఫలానా హీరో పాట ఎలా పాడతాడో చూసి బుక్ చేస్తారు. పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడటానికి లైసెన్సు అక్కర్లేదని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది, 2023లో కేంద్ర ప్రభుత్వం మళ్లీ స్పష్టం చేసింది కూడా. టికెట్ పెట్టిన షో, హోటల్ ఫంక్షన్ అయితే లైసెన్సు నిర్వాహకులు తీసుకోవాలి, కొటేషన్ కింద ఆ మాట ఒకటి చేర్చాం.

సంప్రదాయ జానపదం ఒకటి పెడితే దాని మీద కూడా ఎవరో క్లెయిము వేశారు. డిస్ప్యూట్ పెట్టి, ఇది సంప్రదాయ పాట, ఈ రికార్డింగ్ మాది, ఫలానా తేదీన స్టూడియోకు డబ్బు కట్టాం అని రాశాం. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువు, ఆ లోపే వదిలేశారు.

స్ట్రీమింగ్ యాప్‌ల మీద నాకు ముందు నుంచీ పెద్ద ఆశ లేదు. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటను ఏడాదిలో కనీసం 1,000 సార్లు వింటేనే రికార్డింగ్ రాయల్టీ మొదలవుతుంది. ఇతని పాటలు అప్పటికే కొన్ని ఎక్కి ఉన్నాయి, కానీ ఎక్కించిన ప్రతిసారీ పేరుకు ఒక్కో ఇంగ్లీషు స్పెల్లింగ్ రాశారు. మూడు స్పెల్లింగులకు ముగ్గురు గాయకుల పేజీలు తయారై, శ్రోతలు మూడు ముక్కలయ్యారు. పాటలను యాప్‌లలోకి ఎక్కించే డిస్ట్రిబ్యూటర్‌కు రాసి మూడింటినీ ఒకటి చేయించాం. ఆ తర్వాత కూడా ఏడాదికి వచ్చింది 2,700. ఒక పెళ్లిలో పడే మిగులులో సగం.

అంగడి పాటకు బాడుగ

ప్రొద్దుటూరు అంగళ్లకు ప్రచారం పాట అంటే మోజు. దసరాకు ముందు ప్రచార ఆటోలు బజారులో అవే తిప్పుతాయి, లోకల్ కేబుల్‌లో అవే వస్తాయి. ఇతను 2,000 తీసుకుని పాట కట్టి, పాడి ఇచ్చేవాడు. ఒక బట్టల అంగడి అదే పాటను మూడేళ్లు వాడుకుంది, ఇంకో ఊళ్లో బ్రాంచి తెరిచి అక్కడా వాడింది.

ఇకపై పాట అమ్మొద్దు, ఏడాదికి బాడుగకు ఇవ్వు అన్నాను. ఒక అంగడికి, ఒక ఊరికి, ఏడాదికి 6,000. ఆటో, కేబుల్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ అందులోనే. బ్రాంచి ఉంటే సగం అదనం. ఏడాది దాటితే రెన్యువల్, మాటలు మార్చాలంటే 1,000. మొదటి అంగడి యజమాని నా పాత క్లయింటే. "పాటకు కూడా బాడుగనా సామీ?" అని నవ్వాడు. మీ షాపు బోర్డు ఉన్న మేడకు బాడుగ కడుతున్నారు కదా, ఆ మేడ మీరు కొనుక్కోలేదు కదా అన్నాను. బాడుగ అన్న మాట వ్యాపారస్తుడికి వెంటనే తలకెక్కుతుంది. రాయల్టీ, లైసెన్సు అంటే లాయరు గుర్తొస్తాడు. ఏడుగురు ఒప్పుకున్నారు. పాతవాళ్లలో ముగ్గురు వేరే పాటగాణ్ని చూసుకున్నారు.

ఎన్నికల పాటల ఆదాయం ఈ లెక్కల్లో చేర్చలేదు, చేర్చకూడదు కూడా. 2024లో ఒక అభ్యర్థికి పాడాడు, మంచి డబ్బే వచ్చింది. ఆ తర్వాత అవతలి పక్షంవాళ్ల ఊళ్లలో జాతర బేరాలు ఆగిపోయాయి. సీమలో పాటగాడికి ఇది మామూలే. రాసివ్వు, గొంతు ఇవ్వొద్దు అని నా సలహా. వింటాడో లేదో వచ్చే ఎన్నికలకు తెలుస్తుంది.

పన్ను, అప్పు

ఇవి త్వరగా తేలిపోయాయి. ఒక కంపెనీ ఫంక్షను, ప్రభుత్వ ఉత్సవాల్లో పాడినవి కలిపి టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసుకుని కట్టే పన్ను) 11,000 దాకా పట్టుకున్నారు. ఇతనికి ఆ సంగతే తెలియదు. పాన్ మీద చూస్తే కనిపించింది, రిటర్న్ వేశాం, వెనక్కి వచ్చింది. అంతకు ముందు సంవత్సరాలవి మాత్రం గడువు దాటిపోయాయి. ఆలస్యపు రిటర్న్ అయినా డిసెంబరు 31 లోపు వేయాలి. పది శాతం పట్టుకున్న ప్రతి చోటా టీడీఎస్ కాగితం అడిగి తెచ్చుకోండి.

జీఎస్టీ గురించి ఏజెంట్లు అనవసరంగా భయపెడుతుంటారు. జానపద, శాస్త్రీయ కళారూపాల్లో కళాకారుడి ప్రదర్శనకు పారితోషికం లక్షన్నర దాటకపోతే మినహాయింపు ఉంది. సినిమా పాటల కచేరికి అది వర్తించదు, కానీ సేవలకు ఏడాది మొత్తం టర్నోవరు 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్.

రిటర్న్ చేతికొచ్చాక కొత్త కీబోర్డు మాట పక్కన పెట్టించి, చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర లోనులో కిశోర్ అనే రకం కింద లక్షన్నర తీసుకుని ముందు రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్పించాను. కొత్త కీబోర్డు వద్దన్నందుకు నా మీద కొన్నాళ్లు అలిగాడు.

ఏడాది తర్వాత

కచేరీలు 26 నుంచి 24కు తగ్గాయి. రెండు పాత జాతర కమిటీలు రేటు ఎక్కువైందని వేరే పార్టీని పెట్టుకున్నాయి. అయినా కచేరీల మీద మిగులు 1,60,800. అంగడి పాటల బాడుగ 42,000. ఛానెల్ వాటా 34,000. సొంత ఛానెల్ 31,000. స్ట్రీమింగ్ 2,700. కలిపితే 2,70,500. టీడీఎస్ రీఫండ్ ఒకసారి వచ్చేది కాబట్టి ఇందులో లేదు. ఐపీఆర్ఎస్ నుంచి మొదటి పంపిణీ ఇంకా రావాలి, అది పెద్ద మొత్తం ఉంటుందని నేను అనుకోవడం లేదు. ఇందులోంచి బ్యాంకు కిస్తు పోవాలి. ప్యాడ్స్ వాయించే ప్రొద్దుటూరు కుర్రాడు నాలుగు పార్టీలకు తిరిగి సంపాదించేది ఇంతకన్నా కాస్త ఎక్కువే. అయినా ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు లేని నెలల్లో కూడా ఏదో ఒక డబ్బు ఖాతాలో పడుతోంది. అంతకు ముందు ఆ నెలల్లోనే అప్పు చేసేవాడు.

ఛానెల్ వాటా 34,000 అన్నాను. నిజానికి వచ్చింది 40,000. మిగతా 6,000 లేడీ సింగర్‌ది.

ఆ ఐదు పాటల్లోనూ ఆమె గొంతు ఉంది. పాటకు 3,000 తీసుకుని పాడింది, అంతటితో అయిపోయిందని ఇతని లెక్క. ఛానెల్‌తో ఒప్పందం సంగతి తెలిసి ఆమె ఫోన్ చేసింది. "వ్యూస్ నాకూ కనపడతాయి కదన్నా" అందట. ఇతనికి కోపం వచ్చింది. డబ్బులిచ్చాను కదా, ఇంకేం అడుగుతుంది అన్నాడు. ఛానెల్‌వాళ్లు ఇతని గురించి అనుకున్నదీ ఇదే మాట. చట్టంలో గాయనీ గాయకులకు కూడా, రికార్డింగును వ్యాపారానికి వాడుకుంటే, రాయల్టీ హక్కు ఉంది. 2012 సవరణతోనే వచ్చింది అది కూడా. గాయకులు, వాద్యకారుల తరఫున ఇసామ్రా (ISAMRA) అనే సొసైటీ ఉంది. ఇవన్నీ చెప్పినా ముందు ఒప్పుకోలేదు. పది శాతం అన్నాడు, ఆమె ఇరవై అడిగింది, పదిహేను దగ్గర కుదిరింది. ఒక పేజీ అగ్రిమెంటు తెలుగులోనే రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను. కొత్త పాటలకు ముందుగా ఇచ్చే డబ్బు 2,000కు తగ్గింది, వాటా పదిహేను శాతం. ఢోలక్ ఆయన మాత్రం వాటా వద్దు, ఆ రోజు డబ్బు ఆ రోజే కావాలన్నాడు. అది కూడా కాగితం మీద రాసుకున్నారు.

మూడేళ్ల లైసెన్సు గడువు దగ్గరపడితే ఛానెల్‌తో మళ్లీ కూర్చోవాలి. ఆ ఐదు పాటలను సొంత ఛానెల్‌కు తెచ్చుకోవాలని ఇతని కోరిక. అక్కడే ఉంచి వాటా 50కి పెంచమని అడగడం మేలని నా అభిప్రాయం. వాళ్ల ఛానెల్‌కు ఉన్న జనం ఇతనికి లేరు. ఈ విషయంలో ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.